తెరచాప పడవల లాగ్‌బుక్కుల్లో సముద్రపక్షులకూ చోటు కావాలి

మాన్య సంపాదకులకు,

నమస్కారం. భారత నౌకాదళ మహిళా అధికారులు తారిణి తెరచాప నౌకలో చేసిన రెండు భూప్రదక్షిణల గురించి తెలుగు పత్రికలన్నీ ఆసక్తిగా రాశాయి. 2017 సెప్టెంబరులో గోవా నుంచి బయలుదేరి 2018 మే నెలలో తిరిగివచ్చిన ఆరుగురిలో పాతర్లపల్లి స్వాతి, బొడ్డపాటి ఐశ్వర్య ఉండటం మనందరికీ గర్వకారణం. 2024 అక్టోబరు నుంచి 2025 మే వరకు దిల్నా, రూప ఇద్దరే అదే పడవను నడిపి ప్రపంచాన్ని చుట్టివచ్చినప్పుడు కూడా తుపానుల గురించి, అలల ఎత్తు గురించి, దాటిన దూరం గురించి ఎంతో చదివాం. అయితే వారాల తరబడి నేల కనిపించని ఆ దారిలో పడవ వెంట ఉండే సముద్రపక్షుల ప్రస్తావన మాత్రం ఏ ఫొటో కిందో ఒక మాటకు మించి కనిపించలేదు. ఆ లోటు గురించే ఈ లేఖ.

రాయపురంలో ఉంటున్న నేను ఒక వేసవిలో, నైరుతి గాలులు బలపడకముందు, మిత్రుల తెరచాప పడవలో సహాయకుడిగా చెన్నై హార్బరు నుంచి పోర్ట్‌బ్లెయిర్‌కు ప్రయాణించాను. సుమారు 1,370 కిలోమీటర్ల దూరం. గాలి బాగుంటే గంటకు ఐదారు నాటికల్ మైళ్లు (సుమారు పది కిలోమీటర్లు) సాగుతాం, లేకపోతే తెరచాపలు వేలాడేసుకుని కూర్చుంటాం. బయటివారు ఊహించుకునే సాహసం అందులో తక్కువ, పని ఎక్కువ. రాత్రింబగళ్లు వంతులవారీగా కాపలా కాయాలి. తాళ్లు ఒరుసుకుని ఎక్కడ అరుగుతున్నాయో రోజూ తడిమి చూడాలి. పడవ ఎటు ఒరిగినా మట్టంగా ఉండేలా ఊగే స్టవ్ మీద, మూత బిగించిన కుక్కర్‌లోనే వంట. మంచినీళ్లు కొలత ప్రకారం వాడాలి కాబట్టి స్నానం ఉప్పునీటితో చేసి, చివర ఒక్క మగ్గు మంచినీళ్లు పోసుకుంటాం. అన్నం ఎసట్లో కొంత సముద్రపు నీరు కలిపితే వేరే ఉప్పు అక్కరలేదు. గంటగంటకూ లాగ్‌బుక్కులో పడవ ఉన్న చోటు, దిశ, గాలి వేగం, వాయుపీడనం రాయాలి. అందులో చివరి గడి ‘ఇతర విశేషాలు’. నేను చెప్పదలచినదంతా ఆ గడి గురించే.

మేం కొలుచుకుని తాగుతున్న చోటే, పక్కన ఎగిరే పక్షి సముద్రపు నీటినే తాగి బతుకుతుంది. కళ్ల పైభాగంలో ఉండే గ్రంథులు దాని రక్తంలోని అదనపు ఉప్పును వేరు చేసి ముక్కు గుండా బయటికి పంపుతాయి. అర్ధరాత్రి కాపలాలో కళ్లు మూతలు పడుతున్నప్పుడు నాకు ఫ్రిగేట్ పక్షి గుర్తొచ్చేది. గలపాగోస్ దీవుల దగ్గర ఆ పక్షుల మెదడు తరంగాలను నమోదు చేసి 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, రోజుల తరబడి గాలిలోనే ఉన్నప్పుడు అవి రోజుకు సగటున 42 నిమిషాలే, అదీ చిన్న చిన్న కునుకులుగా నిద్రపోయాయి. ఈకలకు నీటిని తట్టుకునే గుణం తక్కువ కావడంతో అవి సముద్రం మీద వాలలేవు. సూటీ టెర్న్ అనే సముద్రపక్షి కూడా నీటి మీద వాలడం అరుదు. పుట్టిన చోటు విడిచిన పిల్లలు గూడు పెట్టే వయసు వచ్చేదాకా ఏళ్ల తరబడి సముద్రం మీద ఎగురుతూనే గడుపుతాయి.

ఆ ప్రయాణంలో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది బ్రైడిల్డ్ టెర్న్. కొట్టుకుపోతున్న థర్మోకోల్ ముక్క మీద, పక్కకు కూడా జరగడానికి చోటు లేకుండా నిలబడి, అల ఎత్తినప్పుడల్లా కాస్త ముందుకు వంగి మళ్లీ సర్దుకునేది. తెల్లని కనుబొమ్మ గీత కంటికి వెనక్కి సాగి ఉండటం బైనాక్యులర్స్ లేకుండానే కనిపించింది. వెనుకటికి కొట్టుకొచ్చిన దుంగల మీద నిలబడిన పక్షి ఇప్పుడు మన వలల వ్యర్థాల మీద కూడా నిలబడుతోంది. ఆ దృశ్యం నన్ను చాలా బాధపెట్టింది. మరోరోజు మధ్యాహ్నం పిచ్చుకంత ఉన్న విల్సన్స్ స్టార్మ్ పెట్రెల్ ఒకటి పడవ వెనుక నురుగు మీద కాళ్లు వేలాడదీసి, నీటిని తడుతూ నడుస్తున్నట్టు సాగింది. అంటార్కిటికా ప్రాంతంలో గూడు పెట్టే ఈ పక్షి బరువు 40 గ్రాములకు అటూఇటూ. అక్కడ చలికాలం రాగానే భూమధ్యరేఖ దాటి మన సముద్రాలకు వస్తుంది.

బంగాళాఖాతం నడిమధ్యన ఏ పక్షి ఏ నెలలో, ఏ అక్షాంశం దగ్గర ఉంటుందన్న సమాచారం మన దగ్గర చాలా తక్కువ. తీరం నుంచి చూసినవి, తుపాను గాలికి ఒడ్డున పడినవి కొంతవరకు నమోదవుతున్నాయి. ఆ లోపలి సముద్రానికి వెళ్లేవారే తక్కువ. పెద్ద ఓడల వేగం, ఎత్తు చిన్న పక్షిని గుర్తించనివ్వవు. నింపాదిగా, నీటికి దగ్గరగా, ఇంజను చప్పుడు లేకుండా సాగే తెరచాప పడవ ఈ పనికి ఎంతో అనువైనది. పైగా కాపలాలో ఉన్నవారు ఎలాగూ నలుదిక్కులూ చూస్తూనే ఉంటారు. సిగ్నల్ లేని చోట కూడా, చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ యాప్‌లో గంటకు మించని జాబితాలుగా రాసుకుని రేవు చేరాక పంపవచ్చు. పేరు తెలియకపోయినా ‘వీపు నలుపు, పొట్ట తెలుపు, నీటికి ఆనుకుని ఎగిరింది’ అని రాసి ఫొటో జత చేస్తే నిపుణులు గుర్తుపట్టగలరు. 1911 నుంచి ఉన్న రాయల్ మద్రాస్ యాట్ క్లబ్ వంటి సంస్థలు తమ సభ్యులను ఇందుకు ప్రోత్సహించాలని నా విన్నపం.

నమోదుతో పాటు జాగ్రత్త కూడా అవసరం. రాత్రిపూట డెక్ మీద అనవసరపు దీపాలు వెలిగిస్తే స్టార్మ్ పెట్రెల్ వంటివి ఆ వెలుగుకు వచ్చి తాళ్లకు తగిలి పడిపోతాయి. నియమం ప్రకారం ఉండాల్సిన నావిక దీపాలు ఉంచి మిగిలినవి ఆర్పేయాలి. పడిన పక్షిని గాలి ఆడే పొడి అట్టపెట్టెలో కొంతసేపు ఉంచి, ఒంటికి గాయం లేకపోతే చీకట్లోనే విడవాలి. నోట్లో నీళ్లు పోయకూడదు, మేత పెట్టకూడదు. చేపల కోసం వెనుక గాలం లాగుతున్నప్పుడు బూబీ పక్షులు చుట్టూ తిరిగితే వెంటనే గాలం లోపలికి తీసుకోవాలి, ఎందుకంటే ఎరను చేప అనుకుని అవి దూకుతాయి. దక్షిణ సముద్రాల్లో మూడున్నర మీటర్ల దాకా రెక్కలు చాచే వాండరింగ్ ఆల్బట్రాస్ అనే పక్షులు పొడవాటి గాలపు తాళ్లకు చిక్కి చనిపోతున్నాయి. వాటి రక్షణకు 2004లో ఒక అంతర్జాతీయ ఒప్పందం అమలులోకి రావలసివచ్చింది.

ఇకమీదట ఏ సముద్రయానం నుంచి తిరిగివచ్చినవారితో మాట్లాడినా, దారిలో ఏ పక్షులను ఎక్కడ చూశారన్న ప్రశ్న కూడా అడగవలసిందిగా మీ విలేకరులను కోరండి. చెన్నై, కాకినాడ, విశాఖ రేవుల నుంచి పడవలు నడిపే పాఠకుల్లో ఎవరి పాత లాగ్‌బుక్కుల్లోనైనా అలాంటి వివరాలు ఉంటే, వాటికి మీ ఆదివారం సంచికలో ఒక పేజీ కేటాయించవలసిందిగా ప్రార్థిస్తున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
రాయపురం, చెన్నై