సాఫ్ట్‌వేర్ నిధి జమా ఖర్చుల వివరణ (2025 జూలై – డిసెంబరు)

గౌరవ సభ్యులందరికీ నమస్కారం. విజయవాడలోని మన పాత కార్ల యార్డులకు సీఆర్‌ఎం సాఫ్ట్‌వేర్ (కొనేవాళ్ల, అమ్మేవాళ్ల వివరాలు రాసిపెట్టి, ఎవరికి ఎప్పుడు ఫోన్ చేయాలో గుర్తు చేసేది) పెట్టించాలని సర్వసభ్య సమావేశంలో తీర్మానించి, ఆ పని మా కమిటీకి అప్పగించారు. అందుకు ఎత్తిన చందాలకు, పెట్టిన ఖర్చుకు లెక్క ఇది. నెలాఖరు మీటింగులో చదివి వినిపిద్దామనుకున్నాం. ఈలోగా గ్రూపులో "పాత రిజిస్టర్ల టైపింగుకి లక్షా పది వేలా?" అని ఒకరు, "ఊరికే దొరికేదానికి అన్ని డబ్బులెందుకు పోశారు?" అని ఇంకొకరు పెట్టడంతో, మీటింగు దాకా ఆగకుండా రాతపూర్వకంగానే ఇస్తున్నాం. ప్రతి పద్దుకూ బిల్లు ఉంది.

జమ

చందా యార్డుకు 12,000 చొప్పున 38 యార్డులు ఒప్పుకున్నాయి. రావాల్సింది 4,56,000.
పూర్తిగా ఇచ్చినవి 31 యార్డులు: 3,72,000
సగం ఇచ్చినవి 3 యార్డులు: 18,000
ఒక పెద్ద సభ్యుడు చందా కాక అదనంగా ఇచ్చింది: 25,000
బ్యాంకు వడ్డీ: 1,140
మొత్తం జమ: 4,16,140

అదనంగా ఇచ్చిన పెద్దాయన పేరు రాయొద్దన్నారు కాబట్టి రాయలేదు. ఆయనకు కమిటీ తరఫున కృతజ్ఞతలు. నాలుగు యార్డుల నుంచి ఇప్పటికీ పైసా రాలేదు. సగం ఇచ్చిన ముగ్గురివీ కలిపితే బాకీ 66,000. వాళ్ల పేర్లూ రాయడం లేదు, ఎవరివో వాళ్లకు తెలుసు. తీర్మానం రోజున అందరికంటే ముందు చెయ్యెత్తినవాళ్లు కూడా అందులో ఉన్నారని మాత్రం చెప్పక తప్పడం లేదు.

ఖర్చు

జిరాక్సులు, ఆటోలు, బ్యాంకు చార్జీలు: 4,216.

శిక్షణ తరగతులు: 21,600. ఇందులో హాలు అద్దె 5,000, నేర్పడానికి వచ్చినవారికి 8,000, టిఫిన్లు, కాఫీలు 8,600. బిర్యానీ పెట్టారని ఎవరో అన్నారట. పెట్టలేదు. ఇడ్లీ, ఉప్మా, గారె, అంతే. యార్డుకు ఇద్దరు రమ్మంటే కొందరు నలుగుర్ని పంపారు, వచ్చినవాళ్లను తినొద్దనలేం కదా.

ఎస్సెమ్మెస్‌లు పంపడానికి డీఎల్‌టీ (వ్యాపార సందేశాలు పంపేవారి వివరాలు నమోదు చేసే వ్యవస్థ) రిజిస్ట్రేషన్: 5,900. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2018లో తెచ్చిన నిబంధనల ప్రకారం వ్యాపార సందేశం పంపాలంటే పంపేవారి పేరు, హెడర్, సందేశం నమూనా అన్నీ ముందే రిజిస్టరు కావాలి. సంఘం పేరు మీద ఒక్కటే చేయించాం. ఎవరి యార్డు పేరుతో వాళ్లు పంపుకోవాలంటే ఎవరిది వాళ్లే చేయించుకోవాలి.

వాట్సాప్ రీచార్జి, దసరా ఉమ్మడి మేళా కోసం: 12,000. 2025 జూలై 1 నుంచి వాట్సాప్ వాళ్లు బిజినెస్ సందేశాలకు ఒక్కో సందేశానికి లెక్కగట్టి తీసుకుంటున్నారు. పార్టీయే (అంటే బండి కొనడానికో అమ్మడానికో వచ్చే మనిషే) ముందు మనకు మెసేజ్ పెడితే, ఆ 24 గంటల్లోపు మనమిచ్చే మామూలు జవాబులకు చార్జీ లేదు. కాబట్టి వచ్చిన ఎంక్వయిరీకి అదే రోజు జవాబివ్వండి. రెండు రోజులు ఊరుకుని తర్వాత ఆఫరు మెసేజ్ కొడితే డబ్బూ పోతుంది, పార్టీ కూడా ఈలోగా ఇంకో యార్డులో అడ్వాన్సు ఇచ్చేసి ఉంటాడు.

తాళం బీరువా: 9,800. దీని సంగతి కింద టైపింగు దగ్గర వస్తుంది.

మొదటి కంపెనీకి ట్రయల్ ఖర్చు: 11,800. పది వేలు, దాని మీద 18 శాతం జీఎస్టీ. ఇది దండగ అన్నవాళ్లున్నారు. ఐదు యార్డుల్లో నెల రోజులు వాడి చూశాం. చూడ్డానికి బాగానే ఉంది, అమ్మొచ్చినాయన మాట ఇంకా బాగుంది. అయితే మన డేటా మనం ఎక్సెల్‌లోకి దింపుకోవడానికి దారి లేదు. అడిగితే వచ్చే వెర్షన్లో ఇస్తామన్నారు. మన పార్టీల జాబితా వాళ్ల దగ్గర ఇరుక్కుపోయాక, రెండో ఏడాది వాళ్లు రేటు రెట్టింపు చేస్తే మనం చేయగలిగేది ఏముంటుంది? ట్రయల్ పెట్టబట్టే ఆ సంగతి బయటపడింది. ఆ కంపెనీ పేరు మీటింగులో కూడా చెప్పం, అడగొద్దు.

ఇక అసలు సాఫ్ట్‌వేర్, 34 యార్డులకు ఏడాది లైసెన్సు: 1,68,504. లాగిన్‌కు నెలకు 350 చొప్పున 1,42,800, జీఎస్టీ 25,704. చందా అసలే ఇవ్వని నాలుగు యార్డులకు లాగిన్ ఇవ్వలేదు, సగం ఇచ్చినవాళ్లకు ఇచ్చాం.

ఊరికే దొరికేది ఉందన్న మాట నిజమే. జోహో సీఆర్‌ఎంలో ముగ్గురు వాడుకునే వరకు ఉచితంగా ఇస్తారు. రేణిగుంటలో వాళ్ల ఆఫీసు కూడా ఉంది, మన రాష్ట్రం వాళ్లకు పని ఇస్తున్నారు, మాకేమీ అభ్యంతరం లేదు. సేల్స్‌ఫోర్స్ లాంటి పెద్దవి కూడా చూశాం. అవన్నీ ఏ వ్యాపారానికైనా పనికొచ్చేలా చేసినవి. మన వ్యాపారానికి మలుచుకోవాలంటే కూర్చుని చేసే మనిషి కావాలి, ఆ మనిషికి జీతం కావాలి. కొత్త కార్ల షోరూముల వాళ్లకు ఈ బాధ లేదు, కంపెనీయే తన సాఫ్ట్‌వేర్ ఇచ్చి వాడమంటుంది. మన దగ్గర ఒక్కో బండీ ఒక్కటే. 2018 మోడల్ ఎర్ర బాలెనో ఒకటి ఉంటే దానికి ఆరుగురు ఫోన్ చేస్తారు. ఒకరికి అమ్ముతాం. మిగతా ఐదుగురు ఏమయ్యారన్నది మనలో ఎవరూ రాసుకోరు. వారం తర్వాత అలాంటిదే ఇంకో బండి వస్తే ఆ ఐదుగురికీ ఫోన్ చేయాలని గుర్తు చేసేది కావాలి మనకు. పైగా మనకు బండి అమ్మినవాడూ పార్టీయే, కొన్నవాడూ పార్టీయే, రెండేళ్లకు ఎక్స్చేంజికి వచ్చేదీ వాడే. ఇవన్నీ ముందే ఉన్న సాఫ్ట్‌వేర్ హైదరాబాదులోని ఒక చిన్న కంపెనీ దగ్గర దొరికింది.

బండి కాగితాల సంగతి ఇంకోటి. 2023 ఏప్రిల్ 1 నుంచి అధీకృత డీలర్ల రూలు వచ్చింది. బండి మన చేతికొచ్చినప్పుడు ఫారం 29సి (ఓనరు బండిని డీలరుకు అప్పగించాడని తెలిపేది) ఆన్‌లైన్లో పెడితే, ఆ తర్వాత బాధ్యత డీలరుది. పెట్టకుండా ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టించుకుని ఊరుకుంటే ఏమవుతుందో మీకు చెప్పక్కర్లేదు. టెస్ట్ డ్రైవ్‌లో పడ్డ ఈ-చలానా పాత ఓనరు ఫోన్‌కు పోతుంది, ఆయన మనల్ని తిడతాడు. ఈ సాఫ్ట్‌వేర్లో 29సి తేదీ, ఫైనాన్సు తీరాక వేయాల్సిన ఫారం 35, వేరే రాష్ట్రం బండికి ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం), ఇన్సూరెన్సు గడువు, అన్నింటికీ గళ్లున్నాయి. ఏది ఖాళీగా ఉన్నా పొద్దున్నే ఎర్ర గుర్తుతో చూపిస్తుంది.

లైసెన్సు లెక్కలో అసలు గొడవ ఇది కాదు. అందరికీ కలిపి ఒకే ఖాతా తీసుకుని ఉంటే లాగిన్‌కు 250కే ఇస్తామన్నారు. అలా అయితే జీఎస్టీతో కలిపి 1,20,360కే అయిపోయేది. మేము 48,144 ఎక్కువ పెట్టి యార్డుకో విడి ఖాతా తీసుకున్నాం. కమీషన్ కోసం చేశారన్నంత మాట కూడా వచ్చింది. ఎందుకు తీసుకున్నామో వినండి. 2025 జనవరి నుంచి అన్ని పాత కార్లకూ మార్జిన్ మీద 18 శాతం జీఎస్టీ. అంతకుముందు చిన్న కార్లకు 12 ఉండేది. మార్జిన్ లెక్క కట్టాలంటే కొన్న ధర, అమ్మిన ధర రెండూ సాఫ్ట్‌వేర్లో ఎక్కించాలి. ఒకే ఖాతాలో గోడలు కట్టి ఎవరిది వాళ్లకే కనిపించేలా చేస్తామని కంపెనీ చెప్పింది. చెప్పారు సరే, ఆ ఖాతా మొత్తానికీ అడ్మిన్ ఒకడుంటాడు, ఆ అడ్మిన్‌కు అన్నీ కనిపిస్తాయి. మీరు ఏ బండి ఎంతకు కొన్నారో పక్క యార్డుకు చేరితే ఇక బేరం ఏముంటుంది? ఆ అడ్మిన్ కమిటీలోనే ఎవరో ఒకరు అవుతారు. రేపు ఎవరి పార్టీ ఎటు పోయినా వేలు చూపించేది మావైపే. ఆ నింద మోయడానికి కమిటీలో ఎవరమూ సిద్ధంగా లేము. ఇప్పుడు మీ ఖాతా మీదే, పాస్‌వర్డు మీదే, మాకు కూడా కనిపించదు.

లాయరు ఫీజు, కంపెనీతో ఒప్పందం రాయించడానికి: 15,000. డేటా యార్డుదే, ఎప్పుడంటే అప్పుడు ఎక్సెల్‌లో దింపుకోవచ్చు, మానేసి వెళ్లిపోతే మొత్తం తుడిచేయాలి అని మూడు షరతులు పెట్టించాం. పార్టీల ఫోన్ నంబర్లు, ఆధార్ కాపీలు మన దగ్గరుంటాయి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో జాగ్రత్త లేక డేటా బయటికి పోతే జరిమానా 250 కోట్ల వరకు రాసి ఉంది. బందరు రోడ్డు నుంచి గొల్లపూడి దాకా మన యార్డులన్నీ అమ్మినా అంత రాదు.

పాత రిజిస్టర్ల టైపింగు: 1,10,400. పద్దుకు ఆరు రూపాయల చొప్పున 18,400 పద్దులు. టైపింగు చేసినవాళ్ల రాకపోకలకు మరో 2,400.

సాఫ్ట్‌వేర్ ఖాళీగా ఉంటే దానితో పనేముంది? మన పార్టీలంతా నోటు పుస్తకాల్లో, డైరీల్లో, క్యాలెండరు వెనకాల ఉన్నారు. ఒక యార్డు పుస్తకంలో ఒక పేజీ చూడండి, ఉన్నదున్నట్టు రాస్తున్నాం: "తె. స్విఫ్ట్ 16 డీజిల్. రాజుగారి బామ్మర్ది. 4.10 అన్నాం. పండగెళ్లాక." ఏ రాజుగారు, ఏ పండగ, 4.10 మనం చెప్పిందా ఆయన అడిగిందా, ఫోన్ నంబరేది? దాని కిందే ఒక నంబరు ఉంది, తొమ్మిది అంకెలే. టైపు చేసే అమ్మాయి ఆ యార్డుకు ఫోన్ చేసి అడగాలి, వాళ్లు గుర్తు తెచ్చుకోవాలి. ఇలాంటి పద్దుకు ఆరు రూపాయలు ఎక్కువంటే, అంతకంటే తక్కువకు చేసేవాళ్లను పంపండి, వచ్చే ఏడాది వాళ్లకే ఇస్తాం.

"డూప్లికేట్లు తీసేస్తే పన్నెండు వేల ఏడొందల యాభై పేర్లే మిగిలాయట, మరి పద్దెనిమిది వేల నాలుగొందలకు ఎందుకిచ్చారు?" అన్నది ఇంకో ప్రశ్న. ఒకే మనిషి ఒకే యార్డు పుస్తకంలో మూడుచోట్ల మూడు రకాలుగా ఉంటాడు. సుబ్బారావు, ఎస్.రావు, బ్యాంకు రావు. ముగ్గురూ ఒకరే అని టైపు చేశాక నంబరు కలిస్తేనే తెలుస్తుంది.

దసరాకి పూర్తి చేస్తామని చెప్పాం, కార్తీకమాసం కూడా వెళ్లిపోయింది. కారణం రిజిస్టర్లు రాకపోవడం. మా పుస్తకం ఇంకో యార్డువాళ్ల కంట పడుతుందని చాలామంది ఇవ్వలేదు. ఆ భయం తప్పనడం లేదు. అందుకే బీరువా కొన్నాం. పుస్తకం వచ్చినప్పుడు, వెళ్లినప్పుడు సంతకం పెట్టించుకున్నాం. టైపింగు గదిలోకి వెళ్లేముందు ఫోన్లు బయట ట్రేలో పెట్టించాం. అయినా కొందరు మా యార్డుకే వచ్చి మా కళ్ల ముందే టైపు చేయాలన్నారు, ఆ 2,400 అందుకే. పుస్తకాలు నవంబరులో ఇచ్చినవాళ్లే అక్టోబరులో "ఎంతవరకు వచ్చింది?" అని గ్రూపులో అడిగారు. టైపింగు చేసిన ముగ్గురు అమ్మాయిలు మన అక్షరాలతో పడ్డ కష్టానికి సంఘం రుణపడి ఉంది.

మొత్తం ఖర్చు: 3,61,620
నిల్వ: 54,520 (బ్యాంకులో 52,900, కోశాధికారి దగ్గర నగదు 1,620)

మిగిలింది సభ్యులకు పంచేయమని ఒకరు సూచించారు. వచ్చే ఏడాది లైసెన్సులు రెన్యువల్ చేయాలంటే ఇదే రేటుకు మళ్లీ 1,68,504 కావాలి. నిల్వకు బాకీ 66,000 కలిపినా 1,20,520 అవుతుంది, ఇంకా 47,984 తక్కువే. కాబట్టి పంచేది లేదు. రెన్యువల్ చందా ఎంతన్నది మీటింగులో తేలుద్దాం.

బాకీ ఉన్నవారు ఈ నెలాఖరులోగా సంఘం ఖాతాకే వేయండి, నగదు ఇవ్వొద్దు. సగం ఇచ్చినవారి లాగిన్లు ఆ తర్వాత ఆపాల్సి వస్తుంది, అప్పుడు మొహమాటం పెట్టొద్దు. బిల్లుల ఫైలు సంఘం ఆఫీసులో ఉంటుంది. ఆదివారం పొద్దున పదింటి నుంచి పన్నెండు దాకా ఎవరైనా వచ్చి చూసుకోవచ్చు, జిరాక్సు కావాలంటే మీ ఖర్చు. టైపింగు అయిపోయిన రిజిస్టర్లు ఏడు యార్డులవి ఇంకా బీరువాలోనే ఉన్నాయి, సంతకం పెట్టి తీసుకెళ్లండి.

ఇట్లు,
సాఫ్ట్‌వేర్ కమిటీ తరఫున కన్వీనర్, కోశాధికారి