ఫ్యాను బోర్డు కౌంటర్ మీద అమ్మించండి: కేంద్ర వినియోగదారుల వ్యవహారాల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

ఏ వస్తువును ఎంత సులువుగా బాగు చేసుకోవచ్చో కొనేటప్పుడే తెలిసేలా దానికొక మార్కు ఉండాలని మీ శాఖ నియమించిన కమిటీ 2025 మే నెలలో నివేదిక ఇచ్చింది. విప్పడానికి ఎన్ని పొరలు తీయాలి, ఎలాంటి స్క్రూలు, పనిముట్లు కావాలి, విడిభాగాలు సకాలంలో దొరుకుతాయా, మరమ్మతు సమాచారం ఇస్తున్నారా అన్నవి చూసి ఆ మార్కు వేయాలన్నారు. మంచి మాట. కానీ అందులో రెండు సంగతులు నాకు మింగుడు పడలేదు. మొదటిది, ఆ మార్కును కంపెనీయే తనకు తాను వేసుకుంటుంది. రెండోది, ముందుగా ఫోన్లకూ ట్యాబ్లెట్లకూ అన్నారు. మా ఇళ్లలో రాత్రీ పగలూ పనిచేసే వస్తువు ఫోను కాదండీ, ఫ్యాను.

పాత ఫ్యాను సంగతి మీకు తెలిసిందే. వేగం తగ్గిందంటే కండెన్సర్ పోయిందని హైస్కూలు పిల్లలు కూడా చెప్పేస్తారు. మెయిన్ ఆపి, ఫ్యాను రాడ్డు మీది కప్పు జార్చి, పాతది విప్పి, రెండున్నర మైక్రోఫారడ్ కండెన్సర్ కొత్తది కలిపి టేపు చుడితే ఫ్యాను మళ్లీ ఊపందుకుంటుంది. ఖర్చు వంద రూపాయల లోపే. గరగరమంటే బేరింగు. చాలా ఫ్యాన్లకు 6202 అని నంబరు చెబితే చాలు, ఎలక్ట్రికల్ షాపు కుర్రవాడు ఇంకో ప్రశ్న అడగకుండా చేతిలో పెడతాడు. కాయిల్ కాలితే వైండింగ్ షాపు ఉండనే ఉంది. అలా పెళ్లికి కొన్న ఫ్యాను మనవల కాలం దాకా తిరిగిన ఇళ్లు మన దగ్గర కొల్లలు.

ఇప్పుడు అయస్కాంతాల మోటారును ఎలక్ట్రానిక్ బోర్డు నడిపించే బీఎల్‌డీసీ ఫ్యాన్లు వచ్చాయి. వాటి మీద నాకు కోపం లేదు. పాత ఫ్యాను 75 వాట్ల దాకా తింటే ఇది 30 వాట్ల చుట్టుపక్కలే తింటుంది; మా ఇంట్లోనూ పెట్టించాం. చిక్కంతా దాని లోపలి బోర్డుతోనే. కరెంటు ఒక్కసారి ఎగిసిపడితే అందులో ఏదో చిన్న ట్రాన్సిస్టరో కండెన్సరో పోతుంది. మోటారు శుభ్రంగా ఉంటుంది, అయస్కాంతాలు శుభ్రంగా ఉంటాయి, ఫ్యాను మాత్రం తిరగదు. సరే, చూద్దామని మాది విప్పాను. బోర్డు మొత్తం గట్టిపడిన నల్లటి లక్కలాంటి పదార్థంలో కూరుకుపోయి ఉంది. తేమ చేరకుండా అలా పోస్తారట, అది అర్థం చేసుకోగలను. స్క్రూడ్రైవర్‌తో అంచులు గీకి చూస్తే, పైకి తేలిన ఒకే ఒక్క చిప్పు మీద పేరు చెరిపేసి ఉంది. ఇది ఏ తేమ కోసమో అర్థం కాలేదు! కంపెనీకి ఫోన్ చేస్తే బోర్డు విడిగా అమ్మబోమన్నారు. మెకానిక్ వచ్చి బోర్డు మొత్తం మారుస్తాడట. వారంటీ దాటింది కనుక ఆయన చెప్పిన లెక్కకు ఇంకొంత కలిపితే కొత్త ఫ్యానే వస్తుంది. గోరుతో పోయేదానికి గొడ్డలి అంటే ఇదే.

వెనకటి రేడియోలు చాలావాటికి పెట్టె లోపలి వైపు సర్క్యూట్ పటం అతికించి ఉండేది. మెకానిక్కులు ఆ పటం ముందు పెట్టుకుని పని నేర్చుకున్నారు. ఇవాళ హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లినా, ఆబిడ్స్‌లో జగదీశ్ మార్కెట్‌కు వెళ్లినా ఏ పటమూ లేకుండానే, చచ్చిన బోర్డుల మీది నుంచి బతికున్న చిప్పులు పీకి ఇంకో బోర్డుకు అతికించే పనివాళ్లు కనిపిస్తారు. వాళ్ల నైపుణ్యానికి దండం పెట్టాలి. ఆ నైపుణ్యంలో సగం కంపెనీ దాచిపెట్టినదాన్ని వెతకడానికే ఖర్చవుతోంది.

ఫోన్ల దగ్గర మరో రకం తాళం ఉంది. అసలైన విడిభాగాన్ని, అదే మోడల్ ఫోను నుంచి తీసి బిగించినా ఫోను ఒప్పుకోదు. 2021లో ఐఫోన్ 13 వచ్చినప్పుడు బయట తెర మార్పిస్తే ముఖం గుర్తించే సదుపాయం ఆగిపోతోందని మరమ్మతు చేసేవాళ్లు బయటపెట్టారు. గగ్గోలు పుట్టాక ఆ కంపెనీ సాఫ్ట్‌వేర్ మార్చి సరిచేసింది. అంటే అడ్డు తెరలో లేదు, మన పనివాడి చేతిలోనూ లేదు. అమెరికాలో ఆరెగన్ రాష్ట్రం 2024లో చట్టం చేసి ఇలాంటి తాళాలను నిషేధించింది.

భద్రత కోసమే ఇదంతా అని కంపెనీలు మీకు చెబుతాయి. లిథియం బ్యాటరీ విషయంలో ఆ మాటలో నిజం ఉంది. ఉబ్బిన బ్యాటరీని స్క్రూడ్రైవర్‌తో పెకలిస్తే అంటుకుంటుంది. అందుకు మందు బ్యాటరీని ఇంకా గట్టి జిగురుతో అతికించడం కాదు, తేలిగ్గా వచ్చేలా పెట్టడం. ఐరోపా సమాఖ్య చేసిన నిబంధన ప్రకారం 2027 ఫిబ్రవరి నుంచి చిన్న ఉపకరణాల బ్యాటరీలను కొన్నవారే తీసి మార్చుకునేలా తయారు చేయాలి. ఈ దేశంలో కోట్లాది ఇళ్లలో గ్యాస్ సిలిండర్ మార్చి రెగ్యులేటర్ బిగించేది ఇంట్లోవాళ్లే. అంత పని అప్పగించినవాళ్లకు ఫ్యాను బోర్డు ఇవ్వడానికి భయం దేనికి?

మన దగ్గర దారి లేక కాదు. విడిభాగాలనూ మరమ్మతు సమాచారాన్నీ బయటి మెకానిక్కులకు దక్కనివ్వడం లేదని 2014 ఆగస్టులో, వ్యాపారాల మధ్య పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకు కలిపి రూ. 2,500 కోట్లకు పైగా జరిమానా విధించింది. జరిమానా సంగతి తర్వాత అప్పీళ్లకు వెళ్లినా, విడిభాగాన్ని గుప్పిట్లో పెట్టుకోవడం తప్పని ఈ దేశపు సంస్థే అంది. కారుకు వర్తించిన న్యాయం కారు కొనలేనివాడి ఫ్యానుకు ఎందుకు వర్తించదు?

2022 డిసెంబరు 24న మీ శాఖ మరమ్మతు హక్కు పోర్టల్ తెరిచింది. కంపెనీల కస్టమర్ కేర్ నంబర్లు, సర్వీస్ సెంటర్ల వివరాలు, వారంటీ షరతులు అక్కడ ఒక చోట చేరాయి. కస్టమర్ కేర్ నంబరు దొరక్క మేమెప్పుడూ ఇబ్బంది పడలేదండీ. ఆ నంబరుకు ఫోన్ చేశాక వినిపించే జవాబుతోనే ఇబ్బంది.

కాబట్టి నా కోరిక ఇది. 2023 జనవరి 1 నుంచి సీలింగ్ ఫ్యాన్లకు కరెంటు పొదుపు తెలిపే స్టార్ లేబుల్ తప్పనిసరి అయింది. ఆ లేబుల్ పక్కనే మరమ్మతు మార్కు కూడా పెట్టించండి. స్టార్ల విషయంలో కేంద్ర ఇంధన పొదుపు సంస్థ బీఈఈ బజారు నుంచి నమూనాలు తీసుకుని పరీక్షలు చేయిస్తుంది కదా, ఈ మార్కునూ అలాగే తనిఖీ చేయించండి. కంపెనీల సొంత డబ్బా మాకు వద్దు. మార్కు ఒక్కటే చాలదు. బోర్డు, రిమోటు, బేరింగు ధరలు అట్టపెట్టె మీద ఎంఆర్‌పీ కిందే అచ్చు వేయించండి. ఆ మోడల్ అమ్మకం ఆపేశాక కూడా కనీసం ఏడేళ్లు ఆ బోర్డు ఎవరడిగినా, మెకానిక్ అయినా నాలాంటి వాడైనా, అదే ధరకు అమ్మాలని నిబంధన పెట్టండి. ఫోన్ల విడిభాగాలకు ఐరోపాలో 2025 జూన్ నుంచి ఇలాంటి ఏడేళ్ల గడువే అమల్లో ఉంది. సర్క్యూట్ పటాన్ని మీ పోర్టల్‌లోనే పెట్టించండి, దానికో ప్రయోజనం ఏర్పడుతుంది.

ఇదంతా చట్టం దాకా వెళ్లడానికి సమయం పడుతుందని అంటే, అంతదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది. పొదుపు ఫ్యాన్లను కోటి దాకా జనంలోకి తీసుకెళ్తామని ప్రభుత్వ సంస్థ ఈఈఎస్ఎల్ 2023 నవంబరులో ప్రకటించింది. ఆ సంస్థ విద్యుత్ శాఖ కిందిది, మీ కింద లేదు, తెలుసు. ఆ శాఖ మంత్రి గారికి ఒక ఉత్తరం రాయండి: బోర్డును విడిగా అమ్మని కంపెనీ టెండరు తెరవవద్దని.

ఇట్లు,
ఒక వినియోగదారుడు,
రాజమహేంద్రవరం