ఒక్క బస్తా తెచ్చేవాళ్లకి కొత్త రేటు

మా యూనిట్‌లో జీడిపిక్కలు ఉడికించుకునే రైతులకి, వ్యాపారులకి నమస్కారం.

మార్చి మొదటి వారంలో నేను పెట్టిన వెయ్యి రూపాయల కనీస చార్జీ ఈ బుధవారం నుంచి ఉండదు. ఒకటి, రెండు బస్తాలు తెచ్చుకునేవాళ్లకి ఇకపై ఒక బస్తా పట్టే బుట్టకి 320 రూపాయలు. ఆ వెయ్యి ఎందుకు పెట్టానో, ఎందుకు తీసేస్తున్నానో, ఈ 320 ఎక్కడి నుంచి వచ్చిందో దాచకుండా రాస్తున్నాను. కొంచెం పొడుగ్గానే ఉంటుంది. డబ్బులు మీవి కాబట్టి లెక్క కూడా మీకు తెలియాలి.

మన ఉద్దానంలో చిన్న లోడ్లు ఎందుకు పెరిగాయో మీకు నేను చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను రాకముందు పది బస్తాలు దించిన ఇళ్లు ఆ తర్వాత రెండు బస్తాలకి వచ్చేశాయి. వేళ్లతో సహా పడిపోయిన చెట్ల చోట కొత్త మొక్కలు వేశారు, అవి నిండుగా కాయడానికి ఏళ్లు పడుతుంది. ఉన్న కాస్త పిక్కనీ అలాగే అమ్మేస్తే దళారి చెప్పిందే ధర. ఉడికించి, కోయించి, పప్పు చేసి అమ్ముకుంటే నాలుగు డబ్బులు మిగులుతాయి. అందుకే ఒక్క బస్తా అయినా ఆటోలో వేసుకుని పలాస దాకా వస్తున్నారు.

పాత రేటు 80 కిలోల బస్తాకి 300. మా కుక్కర్‌లో ఒక విడతకి నాలుగు బస్తాలు పడతాయి, అంటే నిండుగా పెడితే 1,200. బాయిలర్ రాజేసి ఆవిరి పట్టించడానికి కర్ర, జీడితొక్క, మనిషి కూలీ, కరెంటు అన్నీ కలిపి వెయ్యికి దగ్గరగా అవుతుంది. ఆవిరి వచ్చాక పిక్క ఉడకడం ఎంతసేపో కాదు, ఆవిరి రావడానికే అసలు ఖర్చు. లోపల నాలుగు బస్తాలున్నా ఒక్కటే ఉన్నా ఆ ఖర్చు ఇంచుమించు ఒకటే. వ్యాపారుల లోడ్లు వరసగా నడుస్తున్న రోజు మధ్యలో ఒక్క బస్తా పెట్టవచ్చు కదా అని కొందరు అడిగారు. అప్పుడు కర్ర ఖర్చు తగ్గుతుంది, నిజమే. కానీ నాలుగు బస్తాల చోటు ఒక్క బస్తాకి పోతుంది. 300 వస్తుంది, 900 వదులుకోవాలి. పోనీ ఇద్దరు ముగ్గురివి కలిపి పోద్దామంటే, ఒకరి పిక్క బాగా ఎండి ఉంటుంది, ఇంకొకరిది పచ్చిగా ఉంటుంది. కలిపితే ఎవరి పప్పు ఎవరిదో తేలదు.

పోయిన సీజన్‌లో ఇలా చాలా పోయింది. బ్యాంకు వాయిదా కట్టలేక టెన్షన్ పడ్డాను. ఆ టెన్షన్‌లోనే మార్చిలో "ఎన్ని బస్తాలు తెచ్చినా కనీసం వెయ్యి" అని బోర్డు రాయించి గేటుకి కట్టాను. మీలో ఒక్కరితో కూడా ముందు మాట్లాడలేదు. అది నా తప్పు.

పోయిన మార్చిలో ఒకటి, రెండు బస్తాలతో వచ్చినవాళ్లు 31 మంది. ఈ మార్చిలో 11 మంది. రానివాళ్లలో చాలామంది పిక్కలు పిక్కలుగానే అమ్మేశారని తర్వాత తెలిసింది. వజ్రపుకొత్తూరు వైపు నుంచి ఏటా వచ్చే ఒక పెద్దమ్మ మాత్రం వచ్చింది. బోర్డు ఎవరో చదివి చెప్పారు. నా వైపు చూసి, "ఏటి బాబూ, నా ఒక్క బస్తా నీకు అంత బరువైపోయిందా?" అంది. కొంగు ముడి విప్పి వెయ్యి లెక్కపెట్టి ఇచ్చింది. నేను తీసుకున్నాను.

ఆమె వెళ్లాక కాగితం మీద లెక్క వేశాను. బస్తా పిక్కలకి సుమారు 20 కిలోల పప్పు వస్తుంది. అంటే ఆమె దగ్గర ఉడకబెట్టినందుకే కిలో పప్పుకి 50 రూపాయలు తీసుకున్నాను. నాలుగు బస్తాలు తెచ్చే వ్యాపారికి అదే పని కిలోకి 15 రూపాయలకి చేస్తున్నాను.

ఈ లెక్క చూస్తుంటే నాకు పనామా కాలువ గుర్తొచ్చింది. సోంపేట, కవిటి, కంచిలి వైపు నుంచి చాలామంది కుర్రాళ్లలాగే నేనూ ఓడల్లోకి వెళ్లాను. ఈ యూనిట్ పెట్టకముందు తొమ్మిదేళ్లు అదే పని. 2014లో మా ఓడ అట్లాంటిక్ వైపు నుంచి ఆ కాలువలోకి వెళ్లింది. సరిగ్గా కాలువ తెరిచి వందేళ్లయిన సంవత్సరం. నాకు వెనక డెక్కు మీద తాళ్ల డ్యూటీ.

అది మన వంశధార కాలువలా తిన్నగా పారేది కాదు. మధ్యలో గాటున్ సరస్సు ఉంది, సముద్రం కంటే 26 మీటర్ల ఎత్తున. ఓడని మూడు మెట్లుగా పైకెత్తి సరస్సులోకి వదులుతారు, అటు చివర మళ్లీ మూడు మెట్లు దింపుతారు. ఒక్కో మెట్టూ ఒక కాంక్రీటు గది, 305 మీటర్ల పొడవు, 33.5 మీటర్ల వెడల్పు. మా ఓడ గదిలోకి వెళ్లి ఆగాక వెనక చూస్తే, మూడు చిన్న తెరచాప పడవలు పక్కపక్కన ఒకదానికొకటి కట్టుకుని మెల్లగా లోపలికి వస్తున్నాయి. పక్కలకి దెబ్బ తగలకుండా పాత టైర్లు వేలాడదీసుకున్నారు. మా ఓడని రెండు గోడల మీదా పట్టాలపై నడిచే ఇంజన్లు పట్టుకుని ఉన్నాయి. ఆ పడవల తాళ్లని గోడల మీది మనుషులు చేత్తో పట్టుకుని నడిచారు. గేట్లు మూసుకున్నాయి. నీళ్లు కింది నుంచి పొంగుతూ వచ్చాయి. అంత పెద్ద ఓడా, ఆ మూడు పడవలూ ఒకే నీటి మీద పైకి లేచాయి. తొమ్మిదేళ్ల ఓడ ఉద్యోగంలో చూసినవాటిలో నాకు బాగా గుర్తుండిపోయింది ఇదే.

ఆ చిన్న పడవ ఎంత కడుతుందని మా చీఫ్ ఆఫీసర్‌ని అడిగాను. అప్పట్లో 50 అడుగుల లోపు పడవకి 800 డాలర్లు, 50 దాటి 80 అడుగుల దాకా 1,300. తర్వాతి ఏళ్లలో ఇంకా పెంచి 65 అడుగుల లోపు వాటికి 1,600 చేశారు. మాలాంటి పెద్ద ఓడలు లక్షల డాలర్లలో కట్టేవి.

బరువు చూడకుండా పొడవు ఎందుకు చూస్తారని నాకు సందేహం. పెద్ద ఓడలకి అప్పట్లో ఎక్కువగా టన్నుల లెక్కే, కానీ ఆ టన్ను బరువు కాదు. అది చోటు. వంద ఘనపుటడుగుల చోటు ఒక టన్ను. ఓడ ఎంత సరుకు మోయగలదో, ఎంత సంపాదించగలదో దాన్నిబట్టి సుంకం. టన్నుల లెక్క చిన్నవాటికి అలాగే వాడితే ఏమవుతుందో ఒక పాత సంగతి ఉంది. 1928లో రిచర్డ్ హాలిబర్టన్ అనే అమెరికన్ ఆ కాలువ మొత్తం ఈదాడు. అతన్నీ ఒక ఓడ కిందే లెక్కగట్టి సుంకం వేస్తే 36 సెంట్లు వచ్చింది. ఆ కాలువ చరిత్రలో అంతకంటే తక్కువ సుంకం కట్టినవాళ్లు లేరు.

ఆ 36 సెంట్లతో గది నిండదు. ఒక ఓడ అటు నుంచి ఇటు దాటితే దాదాపు 20 కోట్ల లీటర్ల మంచినీళ్లు సముద్రంలోకి పోతాయి. ఆ నీళ్లు గాటున్ సరస్సువి, పంపులు లేకుండా పల్లానికి పారేవి. పనామా సిటీ, కోలోన్ ఊళ్ల జనం తాగేదీ ఈ కాలువకి నీరిచ్చే సరస్సుల నీళ్లే. గదిలో పెద్ద ఓడ ఉన్నా చిన్న పడవ ఒక్కటే ఉన్నా పోయే నీళ్లు దాదాపు అన్నే. చిన్న పడవకి టన్నుల లెక్కన వసూలు చేస్తే కాలువకి నష్టం. మొత్తం గది ఖర్చు దాని మీదే వేస్తే ఆ పడవ ఇక రాదు. అందుకే ఒక కనీస రేటు పెట్టి, ఆ రేటు మోయగలిగేలా రెండు మూడు పడవల్ని కలిపి కట్టి, పెద్ద ఓడతో పాటు మిగిలిన చోటులో తీసుకెళ్తారు.

నా పాత 300 ఆ 36 సెంట్ల లాంటిది. నేను మార్చిలో పెట్టిన వెయ్యి, ఒక్క పడవ మీద గది ఖర్చు మొత్తం వేసినట్టు. మధ్యలో ఉన్న దారి నేను కళ్లారా చూసి కూడా బోర్డు రాయించేటప్పుడు ఆలోచించలేదు.

కాశీబుగ్గలో వెల్డింగ్ షాపులో నాలుగు ఇనప జాలీ బుట్టలు చేయించాను. కుక్కర్‌లో నాలుగూ పక్కపక్కన పడతాయి. ఆవిరి అన్నిటికీ తగులుతుంది, ఎవరి పిక్క వాళ్ల బుట్టలోనే ఉంటుంది. మొదట మా సొంత పిక్కలతో వేసి చూశాం. గోడ వైపు బుట్టలో అడుగున ఉన్నవి సరిగ్గా ఉడకలేదు, కోత దగ్గర పప్పు విరిగింది. బుట్టల మధ్య బెత్తెడు సందు ఉండేలా కాళ్లు వెల్డ్ చేయించాక రెండోసారి అన్నీ సమంగా ఉడికాయి. ఆ తర్వాతే ఇది రాస్తున్నాను.

ఇకపై బుధవారం, శనివారం చిన్న రైతుల రోజులు. ఆ రోజుల్లో నాలుగు బుట్టలు నిండితే 1,280 వస్తుంది. వ్యాపారి నిండు లోడుకి 1,200 పాత రేటే ఉంటుంది. బస్తాకి ఆ 20 రూపాయల తేడా బుట్టలు ఎత్తి దించడానికి, చీటీలు కట్టడానికి, నలుగురివి విడివిడిగా ఆరబెట్టడానికి అయ్యే కూలీ. మూడు బుట్టలే వస్తే 960, వెయ్యి ఖర్చుకి తగ్గిన 40 నేను భరిస్తాను. రెండే వస్తే ఆ రోజు బాయిలర్ వెలిగించలేను. ముందురోజు సాయంత్రం ఫోన్ చేసి చెబుతాం, మీ పిక్కలు తర్వాతి చిన్న రైతుల రోజుకి వెళ్తాయి. తొందర ఉండి వేరే రోజు ఒక్కళ్లే ఉడికించుకుంటామంటే మాత్రం ఆ వెయ్యి తప్పదు, అది ఖర్చే.

పనామా పద్ధతిలో నాకు నచ్చనిది ఒకటి ఉంది. అప్పట్లో 49 అడుగుల పడవకి 800, 51 అడుగులకి 1,300. రెండు అడుగులకి 500 డాలర్లు. మనకీ అలాంటి గీత వస్తుంది. బస్తా మీద ఐదారు కిలోలు ఎక్కువ ఉంటే రెండో బుట్టకి కట్టమనడం నాకు న్యాయం అనిపించలేదు. అందుకని బుట్టలు కాస్త లోతుగా చేయించాను, 90 కిలోల దాకా ఒకే బుట్ట. 90 దాటితే రెండోది.

మా బంధువుల గురించి కూడా చెప్పాలి. ఈ సీజన్‌లో మా బావమరిది రెండు బస్తాలు తెస్తే డబ్బులు తీసుకోలేదు. గేటు దగ్గర వెయ్యి కట్టిన ఇద్దరు అది చూశారు, నాతో ఏమీ అనలేదు. పనామా కాలువ ఇంకా తెరవకముందే 1912లో అమెరికా తన తీరం వెంట తిరిగే సొంత ఓడలకి సుంకం లేకుండా చట్టం చేసుకుంది. అన్ని దేశాల ఓడలకీ ఒకే రేటు అని ముందే ఒప్పందం ఉందని బ్రిటన్ అభ్యంతరం చెప్పింది. 1914లో, కాలువ తెరిచే ముందే, అమెరికా ఆ మినహాయింపు తీసేసింది. కాలువ తవ్వినవాళ్లే సొంతవాళ్లకి మినహాయింపు వదులుకున్నారు. మా బావమరిదితో మాట్లాడాను, ఇక నుంచి ఆయనా బుట్టకి 320 కడతాడు. నా సొంత తోట పిక్కలకి కూడా ఖాతాలో 320 రాస్తాను.

బుధవారం, శనివారం చిన్న రైతుల రోజులని తెలిసి ఒక వ్యాపారి అప్పుడే ఫోన్ చేశారు. ఏప్రిల్, మే నెలల్లో బుధవారం పొద్దుటి విడత తనకిస్తే లోడుకి రెండు వేలు ఇస్తానన్నారు. ఇవ్వనని చెప్పాను. 2023లో వానలు లేక గాటున్ సరస్సు తగ్గిపోయి రోజుకి దాటే ఓడల సంఖ్య కోసేసినప్పుడు, ఒక్క ఓడ ముందు దాటడానికి వేలంలో దాదాపు 40 లక్షల డాలర్లు పలికింది. నీళ్లే లేనప్పుడు వాళ్లకి వేరే దారి ఏముందో నేను చెప్పలేను. కానీ మనకి కర్రకి కరువు లేదు, వారానికి రెండు పూటలు చిన్నవాళ్లకి ఉంచగలను. వ్యాపారులకి మిగతా నాలుగు రోజులూ ఉన్నాయి, మీ లోడ్లు ఆలస్యం కాకుండా చూసే బాధ్యత నాది.

మీ వైపు నుంచి నాకు కావలసినవి కొన్ని. ఆ కాలువలో చిన్న పడవ అయినా తాళ్లు పట్టడానికి నలుగురు మనుషులు, 125 అడుగుల తాళ్లు నాలుగు తెచ్చుకోకపోతే లోపలికి రానివ్వరు. మీరు పిక్కలు బాగా ఎండబెట్టి, రాళ్లు, ఎండు పండు ముక్కలు ఏరేసి తెండి. పచ్చి పిక్క ఒక్క బుట్టలో ఉన్నా మిగతా ముగ్గురిదీ ఆలస్యం అవుతుంది. మంగళవారం లేదా శుక్రవారం సాయంత్రం ఆరులోపు దించండి. తూకం మీ కళ్లముందే వేస్తాం. బుట్టకి కట్టిన చీటీ మీద ఉన్న నంబరే మీ చేతి చీటీ మీద ఉందో లేదో చూసుకోండి.

మార్చి నుంచి వెయ్యి కట్టిన 11 మందికి కొత్త రేటుతో లెక్క కట్టి తేడా తిరిగి ఇస్తున్నాను. ఒక్క బస్తా తెచ్చినవాళ్లకి 680, రెండు బస్తాలు తెచ్చినవాళ్లకి 360. ఏడుగురికి ఇచ్చేశాను. ఆ పెద్దమ్మకి ఆదివారం నేనే వెళ్లి ఇచ్చాను. ఇంకో బస్తా ఎండుతోందట, బుధవారం తెస్తానంది. మిగిలిన నలుగురు ఎప్పుడైనా వచ్చి తీసుకోండి, చీటీ పోయినా ఫర్వాలేదు, పుస్తకంలో మీ పేర్లు ఉన్నాయి. రాలేకపోతే ఎవరితోనైనా కబురు పంపండి, మా కుర్రాడు ఇంటికి తెచ్చి ఇస్తాడు.

ఈ బుధవారానికి మూడు బుట్టలు నిండాయి. ఇంకొకటి ఖాళీగా ఉంది.