ఈటె మొనన నిప్పుతో మందల వేట

సంపాదకులకు,

పశువుల దొంగతనం అంటే మనకు విరాటపర్వంలోని గోగ్రహణం, ఊరి పొలిమేరల్లోని వీరగల్లులు గుర్తొస్తాయి. ఇంగ్లండ్, స్కాట్లండ్ సరిహద్దులో మాత్రం దీనికి ప్రత్యేక చట్టమే ఉండేది. మంద పోగొట్టుకున్నవాడు ఆరు రోజుల్లోగా సరిహద్దు దాటి మరీ దొంగలను తరమవచ్చు. అయితే ఈటె మొనకు మండే పీట్ గడ్డ (ఎండబెట్టి కాల్చుకునే బురదనేల మట్టి) గుచ్చి, వేటకుక్కలతో, కొమ్ము ఊదుతూ బాహాటంగా వెళ్లాలి. చాటుగా వెళ్తే అతడినీ దొంగనే అనుకుంటారు మరి! దాడులు ఎక్కువగా శరత్తు, చలికాలాల్లోనే జరిగేవి: రాత్రులు పొడవు, వేసవి మేతకు పశువులు బలిసి ఉంటాయి. కానీ మంద నడక నెమ్మది, అడుగుజాడలూ దాగవు; దొంగలు చిక్కేది అక్కడే. 1603లో స్కాట్లండ్ రాజు జేమ్స్ ఇంగ్లండ్‌కూ రాజయ్యాక, సరిహద్దు దాటి తప్పించుకునే వీలు పోయింది. దొంగల ముఠాలను ఉరితీతలతో, దేశబహిష్కారాలతో అణచివేశారు.

– ఒక పాఠకుడు