ఆ ఎలక్ట్రీషియన్ గారికి ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు

రెండు రాత్రులుగా సరిగ్గా నిద్ర లేదు, అయినా ఈ నాలుగు ముక్కలు ఇప్పుడే రాయాలి.

అమ్మ మోకాళ్లకు గోరువెచ్చటి నీళ్లలో వ్యాయామం మంచిదని డాక్టర్ చెబితే బెంగళూరు మారతహళ్లిలో మా ఇంటి వెనక వరండాలో హాట్ టబ్ పెట్టించాం. హీటర్ ఆన్ చేసినప్పుడల్లా ఆర్‌సీసీబీ, అంటే కరెంటు లీకైతే సప్లై ఆపేసే స్విచ్, పడిపోయేది. బిగించడానికి వచ్చిన మనిషి "ఎంసీబీ ఉందిగా, చాలు" అంటూ ఆర్‌సీసీబీని తప్పించి డైరెక్ట్ ఇచ్చేసి వెళ్లాడు. ఎంసీబీ లోడు ఎక్కువైనా, షార్ట్ అయినా పడుతుందే తప్ప ఇలాంటి చిన్న లీకును పట్టించుకోదు. సాయంత్రం టబ్ పక్కన స్టీలు కడ్డీ పట్టుకోగానే అమ్మ కెవ్వున అరిచి చెయ్యి లాగేసుకుంది.

మెయిన్ ఆపేసి రోడ్డు మీదికి పరిగెత్తాను. ఎదురింట్లో ఇన్వర్టర్ పని ముగించి స్కూటర్‌కు నిచ్చెన కట్టుకుంటున్నారు ఒక పెద్దాయన. నా మొహం చూసి, ఏమీ అడక్కుండానే కట్టిన తాడు విప్పేశారు.

చింతామణి వైపు వారట, తెలుగులోనే మాట్లాడారు. జంక్షన్ బాక్స్ మూత తీస్తే ఎర్త్‌కు వెళ్లాల్సిన పచ్చ వైరు దేనికీ కలపకుండా చుట్టచుట్టి మూలకు నెట్టి ఉంది. ఆ రాత్రే ఇంటికెళ్లి మెగ్గర్ (ఇన్సులేషన్ పాడైందో లేదో చూసే మీటరు) తెచ్చి పంపు, బ్లోయర్, హీటర్ ఒక్కొక్కటే విడదీసి చూశారు. హీటర్ ఎలిమెంట్ నుంచే కరెంటు లీకవుతోంది. అంటే ఆర్‌సీసీబీ దాని పని అది సరిగ్గానే చేసింది! ఫేజ్‌లో వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి రావాలమ్మా, 30 మిల్లీ యాంప్స్ తేడా వచ్చినా అది కట్ చేస్తుంది అన్నారు. మా ఎంసీబీ 32 యాంప్స్‌ది. తడి ఒంట్లోంచి 230 వోల్టులు పోతే పావు యాంపు దాకా పారొచ్చు, మనిషి ప్రాణానికి అది చాలా ఎక్కువ, ఆ ఎంసీబీకి మాత్రం చీమ కుట్టినట్టు కూడా ఉండదు.

మర్నాడు ఎలక్ట్రికల్ షాపులుండే ఎస్పీ రోడ్డంతా తిరిగి సరిపోయే ఎలిమెంట్ తెచ్చారు. ఎర్త్ కలిపి, కడ్డీ, మోటారు బాడీ అన్నిటికీ బాండింగ్ చేసి (లోహపు భాగాలను వైరుతో ఒకదానికొకటి కలిపి), టబ్‌కు విడిగా 30 మిల్లీ యాంప్స్ ఆర్‌సీసీబీ పెట్టి, ఐసోలేటర్‌ను (టబ్‌కు కరెంటు పూర్తిగా ఆపే స్విచ్‌ను) టబ్‌లో కూర్చున్నవాళ్లకు అందనంత దూరం జరిపారు. నెలకోసారి టెస్ట్ బటన్ నొక్కాలని అమ్మకే నేర్పారు. మీటరుతో చూసుకున్నాక కూడా ముందు తానే కడ్డీ పట్టుకుని కాసేపు నిలబడి, "ఇంక రామ్మా" అన్నారు. అక్కడ నాకు ఏడుపు ఆగలేదు. సామాన్ల డబ్బు తప్ప కూలి తీసుకోలేదు, "మా ఇంటామెకూ మోకాళ్లేనమ్మా" అన్నారు. పేరు పెట్టొద్దన్నారు కాబట్టి పెట్టడం లేదు.

టబ్ కంపెనీకి ఫోన్ చేస్తే కంప్లైంట్ నంబరు ఇచ్చారు, అంతే. అమ్మినవాళ్లను అడిగితే బిగించినవాళ్లను అడగమంటారు. కరెంటు మీటరు దాటాక వైరింగంతా మన బాధ్యతేనట. అమెరికా ఎలక్ట్రికల్ కోడ్‌లో ఇలాంటి టబ్‌కు 5 మిల్లీ యాంప్స్ దగ్గరే కట్ అయ్యే జీఎఫ్‌సీఐ (ఆర్‌సీసీబీ లాంటిదే) తప్పనిసరి. ఇక్కడ మనుషులు నీళ్లలో కూర్చునే వస్తువుకు ఉన్న రక్షణ కూడా పీకేసి పోతే అడిగే నాథుడు లేడు. నాకు ఇంకా ఒళ్లు మండిపోతోంది.

మా ఆయన, తమ్ముడు రెండు రోజులూ పక్కనే ఉన్నారు, వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అయ్యో, అమ్మకు బీపీ చూసి రాత్రంతా కనిపెట్టుకున్న కింద పోర్షన్ నర్సు అక్కకు కూడా థాంక్స్. టార్చ్ పట్టుకుని నిలబడ్డ ఆంటీ వాళ్ల మనవడికి, మూసిన షట్టర్ మళ్లీ ఎత్తి ఆర్‌సీసీబీ ఇచ్చిన షాపు అబ్బాయికి కూడా. ఎదురింటి వాళ్లను మర్చిపోయాను, మర్నాడు ఆయన ఫోన్ నంబరు ఇచ్చింది వాళ్లే.