"మనకెందుకది?" అన్నవాళ్ల కోసం

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మాయి అమెరికాలో డిగ్రీకి ఆఫ్రికన్ అమెరికన్ స్టడీస్ (అక్కడి నల్లజాతివాళ్ల చరిత్ర, జీవితం గురించిన చదువు) తీసుకుందని తెలియగానే బంధువుల్లో సగం మంది ఫోన్ చేసి "అదేం చదువండీ, మనకెందుకది?" అన్నారు. మొదట్లో నాకూ టెన్షనే. పోయిన సెలవుల్లో తను వంటింటి బల్ల మీద పుస్తకాలు పరిచి, పెన్సిల్ గీతలు గీసుకున్న ఒక ప్రింటు నా ముందు పెట్టింది. 1946లో అంబేడ్కర్ గారు అమెరికా నల్లజాతి మేధావి డబ్ల్యూ.ఇ.బి. డుబాయిస్‌కి రాసిన ఉత్తరం అది. అంటరానివాళ్ల స్థితికీ అమెరికా నల్లజాతివాళ్ల స్థితికీ ఎంతో పోలిక ఉందనీ, అందుకే వాళ్ల గురించి చదవడం సహజమే కాదు, అవసరం కూడా అనీ ఆయనే రాశారు. ఇంతకంటే నేనేం చెప్పను?

ఈ చదువు ఎవరో దయతలచి పెట్టింది కాదు. శాన్‌ఫ్రాన్సిస్కో స్టేట్ కాలేజీలో 1968 నవంబరు నుంచి మరుసటి మార్చి దాకా విద్యార్థులు సమ్మె చేసి, పోలీసు దెబ్బలు తిని, అరెస్టులై సాధించుకున్నారు. చరిత్ర, సాహిత్యం, సమాజశాస్త్రం అన్నీ ఇందులో ఉంటాయి, తర్వాత లా చదవొచ్చు, టీచర్ కావచ్చు, జర్నలిజంలోకి వెళ్లొచ్చు.

ఇంకో మాట. మనవాళ్లు ఇంతమంది అక్కడ స్థిరపడటానికి దారి తీసింది 1965 వలస చట్టం, దేశాలవారీ పాత కోటాలు ఎత్తేసిన ఆ చట్టం వెనక నల్లజాతివాళ్ల పౌరహక్కుల పోరాటం ఉంది. ఇది తెలియకుండా ఏళ్ల తరబడి అక్కడే ఉంటున్న మా బంధువులే ఎక్కువ అభ్యంతరం చెబుతుంటే మనసుకి చాలా కష్టంగా ఉంది.

మీ చదువుల పేజీలో ఈ కోర్సు గురించి కూడా ఒకసారి రాయండి.

ఇట్లు,
ఒక తల్లి, విజయవాడ