తలలో పెట్టుకోడానికి పనికిరాని పూలు

ఆమ్‌స్టెల్‌వీన్, నెదర్లాండ్స్,
ఏప్రిల్ 20

అమ్మకి,

ఫోన్లో సగం మాటలు నెట్‌వర్కు మింగేసింది, మిగతా సగం నీ మనవరాలు మింగేసింది. అందుకే కాగితం తీశాను. నాన్నకి కూడా చదివి వినిపించు గానీ, ఎర్ర పెన్ను మాత్రం ఆయనకి అందనివ్వకు. బళ్ళో ఒడియా చదువుకుని, ఇంట్లో ఆయన దిద్దించిన తెలుగుతో ఈమాత్రం రాయడమే గొప్ప. అయినా గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన పర్లాకిమిడి వాళ్ళం కదా, మాట్లాడినట్టు రాస్తే తప్పేటి?

మొన్న సెలవు రోజున లిస్సె అనే ఊళ్ళో క్యూకెన్‌హాఫ్ తోటకి వెళ్ళాం. టికెట్టు ధర చెప్పను, నువ్వు వెంటనే రూపాయల్లోకి మార్చి మంచం మీద కూలబడిపోతావు. ఏడాదికి ఎనిమిది వారాలే తెరుస్తారు, మార్చి నడుమ నుంచి మే నడుమ దాకా. ఆ పేరుకి వంటింటి తోట అని అర్థం. 15వ శతాబ్దంలో యాకోబా అనే దొరసాని కోటలో వంటకి కావలసినవి ఇక్కణ్ణుంచే తెప్పించుకునేదట. ఇప్పుడు దాదాపు 80 ఎకరాల్లో కూరాకు ఒక్కటీ లేదు, అన్నీ పూలే.

ఏటా సుమారు 70 లక్షల పూల దుంపలు, అన్నీ చేత్తోనే పాతుతారు. పని చలికాలానికి ముందే అయిపోవాలి. నీకు నచ్చేది ఇది: ఒకే గోతిలో అంతస్తులుగా పెడతారు. ఆలస్యంగా పూసే తులిప్ అడుగున, దాని మీద ముందు పూసే తులిప్, అన్నిటికన్నా పైన క్రోకస్ అనే చిన్న పువ్వు దుంప. ఒకటి వాడేసరికి కింది నుంచి ఇంకోటి తల ఎత్తుతుంది. చూసేవాళ్ళకి మడి ఎప్పుడూ నిండుగానే ఉంటుంది. సముద్రం దగ్గర ఇసక నేల కాబట్టి నీరు నిలవదు, దుంప కుళ్ళదు.

పొద్దున్న వెళ్ళేసరికి తులిప్‌లన్నీ పిడికిళ్ళు బిగించుకుని ఉన్నాయి. ఒక దఫా వడగళ్ళు కూడా పడ్డాయి, మేం గొడుగు కింద నించుని చల్లారిపోయిన పులిహోర తిన్నాం. ఎండ కాయగానే ఒక ఎర్ర పువ్వు మా కళ్ళ ముందే విచ్చుకుంది. ఆరు రేకులు, లోపల అడుగున కాటుకతో దిద్దినట్టు నల్లటి చుక్క. వాసన చూస్తే ఏమీ లేదు! వాసనంతా పక్కనున్న హయసింత్ అనే పూలదే, సంపెంగని మించిన ఘాటు. నీ మనవరాలు ఆ ఎర్ర తులిప్‌ని చూపించి "అమ్మమ్మకి జడలోకి" అంది. ఇక్కడ కొయ్యకూడదే గుంటా అన్నాను. కోసినా ఏం లాభం? తులిప్‌ని అరటినారతో ఎలా కడతావు? ఇన్ని లక్షల పూలలో తలలో పెట్టుకునేది ఒక్కటి కనబడలేదమ్మా. అంత తోటలో తిరుగుతూ నాకు కొరతగా తోచింది అదొక్కటే.

ఆ గుంట తులిప్‌ని బళ్ళో వాళ్ళలాగ "తుల్ప్" అంటుంది, మనింట్లో పువ్వు అంటుంది. నాకేమీ వింతగా లేదు. మన వీధిలో ఒడియా మౌసీ గుమ్మం దగ్గర ఫులొ, మన గుమ్మం దాటితే పువ్వు.

తిరిగి వస్తుంటే బస్సు కిటికీలోంచి పొలాలు, బరంపురం పట్టు చీరలు వరసగా పరిచినట్టు. ఒక పొలంలో మాత్రం యంత్రం పూల తలలన్నీ కోసుకుంటూ పోతోంది. చాళ్ళ మధ్య ఎర్రగా గుట్టలు. ప్రాణం చివుక్కుమంది. పక్క సీట్లో పెద్దావిడ నవ్వింది. ఆ రైతు అమ్మేది పువ్వు కాదుట, దుంపట. పువ్వు ఉంటే బలమంతా అది లాగేస్తుంది, దుంప ఊరదు. ఉల్లిమడిలో కాడకి పువ్వు రాగానే నాన్న తుంచేస్తారు చూడు, అదే లెక్క.

ఆవిడే చెప్పింది, రెండో ప్రపంచ యుద్ధం చివర్లో 1944-45 చలికాలంలో తిండి దొరక్క జనం ఈ దుంపలే వండుకు తిన్నారట. నడిమన ఉన్న పసుపు మొలక విషం, అది తీసేసి ఉడకబెట్టుకునేవారట. ఆ మాట విన్నాక దుకాణంలో సంచులకెత్తిన దుంపల్ని మళ్ళీ అదే కంటితో చూడలేకపోయాను.

నువ్వడిగావు కదా, దుంపలు తెమ్మని. తేనమ్మా. విదేశం నుంచి దుంపలు దింపాలంటే బోలెడు అనుమతి కాగితాలు. తెచ్చినా దానికి వారాల తరబడి చలి తగిలితేనే పువ్వు. మన ఊళ్ళో ఇంకెక్కడ, ఫ్రిజ్‌లో కూరల అరలో పెట్టాలి. నువ్వు ఓ పొద్దున్న ఉల్లిపాయలనుకుని పులుసులోకి తరిగేస్తావు.

కవర్లో ఒక రేక పెట్టాను. రాలిందే, గుంట ఏరింది. మౌసీకి కూడా చూపించు. అక్కడ మల్లెలు దిగి ఉంటాయి, మూర ఎంతకి ఇస్తున్నారో రాయి.

నీ
పెద్దది